సన్నతీగ చుట్ట

నా భార్యను నా తమ్ముడు చంపాడు. ఇది అనుమానం కాదు, కోపంలో జారిన మాట కాదు. ఏ రేకుకు ఏ తీగ వాడాలో తెలిసినవాడెవడైనా ఆ గొట్టం చూస్తే ఇదే చెబుతాడు.

అప్పట్లో షెడ్డు ఇద్దరిదీ. మందపు పని నాది: గేట్లు, కిటికీ ఊచలు, ట్యాంకుల కింద స్టాండ్లు. పల్చటి రేకు పని వాడిది: డబ్బాలు, మూతలు, పొగగొట్టాలు. వెల్డింగు మిషను మాత్రం ఒకటే; అందులో ఎక్కించిన తీగే కరిగి అతుకవుతుంది. నా పనికి లావు తీగ చుట్ట ఎక్కించాలి, వాడి పనికి సన్నతీగ చుట్ట. తీగ మార్చినప్పుడు దాన్ని లాగే చక్రం మార్చాలి, తీగ బయటికొచ్చే గన్ను మూతిలో ఉండే రాగి టిప్పు కూడా మార్చాలి. గ్లాసులో టీ చల్లారేలోపు అయిపోయే పని.

మా ఇంటి పొయ్యికి గొట్టం పాతబడితే కొత్తది నేను చేస్తానన్నాడు. చేశాడు. ఆ రోజు మిషన్‌లో నా లావు తీగ ఉంది. మార్చడానికి బద్ధకించాడు. లావు తీగ కరగాలంటే కరెంటు ఎక్కువ పెట్టాలి. ఆ వేడికి పల్చటి రేకు ఆగదు, కాగితం మీద నిప్పురవ్వ పడ్డట్టు చిల్లు పడుతుంది. వంపు దగ్గర అతుకు పొడవునా చిల్లులు పడ్డాయి. వాటిలో లప్పం కూరాడు. పైన వెండి రంగు కొట్టాడు. రంగు ఆరాక పరీక్ష చేశాడు.

మా పనిలో ఒక పరీక్ష ఉంది. అతుకుకు బయటివైపు సున్నం పూసి ఆరనిస్తాం. లోపలివైపు కిరోసిన్ పూస్తాం. సూదిమొనంత చిల్లున్నా చాలు, కిరోసిన్ దాంట్లోంచి పాకి సున్నం మీద మరకేస్తుంది. ఇది రంగు వేయకముందు చేయాలి. వేశాక చేస్తే లప్పమూ రంగూ కలిసి కిరోసిన్‌ను ఆపుతాయి. నిప్పును ఆపవు. వాడు రంగు వేశాక చేసి, "మరక లేదన్నయ్యా" అన్నాడు. మరక నిజంగానే లేదు.

చలి ముదిరేసరికి లప్పం కాలి రాలిపోయింది. ఒక మధ్యాహ్నం నేను గేటు బిగించడానికి పోయాను. నా భార్యకు జలుబు. తలుపూ కిటికీ వేసుకుని పొయ్యి దగ్గర పడుకుంది. పైన గాలి ఎదురు కొట్టింది. పైకి పోవాల్సింది చిల్లుల్లోంచి గదిలోకి దిగింది. అది పొగైతే కళ్ళు మండి లేచేది. బొగ్గు సరిగా కాలనప్పుడు వచ్చే విషగాలికి రంగుండదు, వాసనుండదు. నేను వచ్చేసరికి ఆమె చెంపలు ఎర్రగా ఉన్నాయి. జ్వరమనుకుని నుదుటి మీద చెయ్యేశాను. చల్లగా ఉంది.

తర్వాత గొట్టం విప్పి గీకాను. ఆ చిల్లుల్లో కందిగింజ పడుతుంది. తీసుకెళ్ళి వాడి ముందు పెట్టాను.

వాడన్నది ఇది: "పరీక్ష చేశానుగా అన్నయ్యా. గాలి ఎదురు కొడితే నేనేం చేస్తాను? వదిన కిటికీ వేసుకోకుండా ఉండాల్సింది."

వదిన కిటికీ వేసుకోకుండా ఉండాల్సిందట.

షెడ్డు పంచుకున్నాం. మిషను నాకొచ్చింది. వాడు కొత్త మిషను కొనుక్కుని నాలుగు వీధుల అవతలికి పోయాడు. వాడి గడప నేను తొక్కలేదు. వాడు చేసిన పని మాత్రం దాచలేదు. టీకొట్టు దగ్గర చెప్పాను, పెళ్ళిలో చెప్పాను, ఇంకొకరి చావుకు పోయినప్పుడు కూడా చెప్పాను. అందుకే ఇప్పుడు నన్నెవరూ దేనికీ పిలవరు. నాకూ సుఖంగానే ఉంది.

నా కూతురు మాత్రం నమ్మలేదు. పరీక్ష చేశాడు కదా నాన్నా అంటుంది. దానికి ఆ ఒక్క ముక్కే గుర్తు.

ఈ చలికాలం అది మేడ మీద ఒక గదిలో అద్దెకు దిగింది. అల్లుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. పుట్టి మూడు నెలలైనా కాని ఆడపిల్ల ఒళ్ళో ఉంది. గదిలో ఇనప పొయ్యి ఉంది కానీ దాని గొట్టం తుప్పు పట్టి, వేలితో పొడిస్తే వేలు అవతలికి పోతోంది. ఇంటివాళ్ళు పొయ్యి వెలిగించొద్దన్నారు. నేను పోయేసరికి పిల్ల మొహం ఒక్కటే కనపడేలా గుడ్డలు చుట్టి కూర్చుంది. గోడకు తడి పట్టి ఉంది. పిల్ల ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినపడుతున్నాయి.

"బాబాయి శనివారం కొత్త గొట్టం తెస్తానన్నాడు" అంది.

"ఏ బాబాయి?"

"నాకెంతమంది ఉన్నారు బాబాయిలు?"

"వాడు చేసిన గొట్టం ఈ గదిలో పెట్టడానికి వీల్లేదు."

"మొదలుపెట్టకు నాన్నా."

"మీ అమ్మ..."

"అమ్మ నీకొక్కడికే పోలేదు. నాకూ పోయింది. పోయిన రోజు నుంచీ నువ్వు బాబాయి గురించే మాట్లాడుతున్నావు. అమ్మ గురించి ఒక్క మాట మాట్లాడావా? అమ్మమ్మ ఎలా ఉండేదని రేపు ఇది అడిగితే ఏం చెబుతావు? తీగ మందం చెబుతావా?"

గొట్టం పొడవు, వంపు ఎక్కడ రావాలో కొలుచుకున్నాను.

"ఏం చేస్తున్నావు?"

"గొట్టం నేను చేస్తాను."

అది నవ్వింది. ఏడుపు ఆపుకుంటూ నవ్వే నవ్వు, వాళ్ళమ్మది. "నువ్వు గొట్టం చేస్తే దానికి గడియ, తాళం కూడా పెడతావు. సరే. శనివారం లోపు తెస్తే నీదే పెడతా, ఒట్టు. తేలేదో, బాబాయిదే. నీ పంతం కోసం దీన్ని ఇంకో వారం చలిలో పడుకోబెట్టను."

రేకు నా దగ్గరుంది. వెల్డింగుకు కావాల్సిన గ్యాసు ఉంది. సన్నతీగ లేదు. గేట్లు చేసేవాడికి దాంతో పనేముంటుంది? కుట్టుదారం కన్నా కాస్త లావుగా ఉంటుంది, మిల్లీమీటర్లలో పాయింట్ సిక్స్ అంటారు. పల్చటి రేకుకు అదే కావాలి. తక్కువ కరెంటుకే కరుగుతుంది, రేకును కాల్చకుండా అతుకుతుంది.

ముందు బోల్టుల తాత కొట్టుకు పోయాను. నా వయసు వాడే. చిన్న వయసులోనే బట్టతల వచ్చినందుకు తాతయ్యాడు.

"పాయింట్ సిక్సా? నీకా? గేట్లు పల్చబడ్డాయా, నువ్వు పల్చబడ్డావా?"

"ఉందా లేదా?"

"ఇదిగో పాయింట్ ఎయిట్. కరెంటు తగ్గించి కొట్టుకో. ఊరంతా అదే చేస్తోంది."

"తగ్గిస్తే అంటుకోదు. పైన పిట్టరెట్టలా కూర్చుంటుంది. పెంచితే చిల్లు."

"చెయ్యి తిరిగినవాడు చేస్తాడయ్యా."

"ఆ చెయ్యి నాకు లేదు. ఉంటే నిన్నెందుకు అడుగుతాను?"

లోపలికి పోయి వెతికినట్టు చేసి వచ్చాడు. లేదన్నాడు.

పెద్ద రోడ్డు మీద అద్దాల షాపులో కుర్రాడు ఒక మెరిసే డబ్బా ముందు పెట్టాడు. "లోపల మందు నింపిన తీగ పెద్దాయనా. గ్యాసే అక్కర్లేదు. ఇప్పుడిదే నడుస్తోంది."

"అది నడుస్తుంది, దాంతోపాటు రేకు కరిగి నేల మీద నడుస్తుంది. ఆ వేడికి ఈ రేకు ఆగుతుందా? నువ్వెప్పుడైనా కొట్టావా దీంతో?"

"నేను అమ్ముతాను పెద్దాయనా" అన్నాడు. తప్పు లేదు, వాడు అబద్ధమాడలేదు.

మూతపడ్డ కార్ల షెడ్డు ఒకటుంది. దాని కాపలావాడు పాత సామాన్లలోంచి సన్నతీగ చుట్ట తీసిచ్చాడు. ప్రాణం లేచొచ్చింది. తీగను వేళ్ళ మధ్య లాగి చూశాను. పైన ఉండాల్సిన రాగి పూత పోయి, వేళ్ళకు ఎర్రటి తుప్పు అంటింది. తుప్పు తీగ గన్నులో పట్టుకుంటూ, వదులుతూ వస్తుంది. పట్టుకున్న చోట మంట వెనక్కి పోయి టిప్పు అతుక్కుంటుంది, వదిలిన చోట ముద్ద పడుతుంది. తిరిగి ఇచ్చేశాను. "ఊరికే వస్తే కూడా వంకలేనా?" అన్నాడు కాపలావాడు.

మర్నాడు కాళ్ళరిగేలా తిరిగాను. ఎక్కడా లేదు. శుక్రవారం పొద్దున్నే మళ్ళీ బోల్టుల తాత దగ్గరికి పోయాను. నన్ను చూసి స్టూలు జరిపాడు. మామూలుగా జరపడు.

"చెబితే నా మీద పడతావని చెప్పలేదు" అన్నాడు. "సన్నతీగ నాకు వస్తుంది. వచ్చిందంతా మీ తమ్ముడు ఎత్తుకుపోతాడు. ఒక్క చుట్ట కూడా మిగల్చడు."

"ఎప్పట్నుంచి?"

వాడు త్రాసు పళ్ళెం తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"మీ ఆవిడ పోయిన ఏడాది నుంచి."

ఇన్నేళ్ళూ తమ్ముడు గాలి తప్పన్నాడు, కిటికీ తప్పన్నాడు. తప్పు చేయనివాడు ఆ ఏడాది నుంచే సన్నతీగంతా ఎందుకు కొని దాచుకుంటాడు? ఆ మాట అక్కడే అరుద్దామనుకున్నాను. వినడానికి బోల్టుల తాత ఒక్కడే ఉన్నాడు. వాడికి నాకంటే ముందే తెలుసు.

మిషన్‌లో ఉన్న లావు తీగ కాక, నా దగ్గర కవరు విప్పని చుట్ట ఇంకొకటి ఉంది. దాన్ని భుజాన వేసుకుని తమ్ముడి షెడ్డుకు పోయాను.

వాడు ముసలివాడయ్యాడు. నేను ముసలివాణ్ణవుతున్నానని తెలుసు కానీ వాడూ అవుతున్నాడని అనుకోలేదు. నన్ను గుమ్మంలో చూసి, చేతిలో ఉన్న సుత్తి ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు.

"అన్నయ్యా. లోపలికి రా."

"ఇక్కడ బాగానే ఉంది. సన్నతీగ కావాలి. బదులు ఇది తీసుకో."

"నీ తీగ నాకెందుకు? ఊరికే తీసుకో."

"నీ దగ్గర ఊరికే ఏదీ తీసుకోను."

చుట్ట కింద పెట్టాను. వాడు లోపలికి పోయి బీరువా తెరిచాడు. అందులో సన్నతీగ చుట్టలు వరసగా ఉన్నాయి. తేమ తగలకుండా ఒక్కోదానికి ఒక్కో కవరు, మూతికి ముడి. వేరే తీగ ఒక్కటి కూడా లేదు. ఒక చుట్ట, దానికి సరిపోయే చక్రం, టిప్పు కవర్లో వేసి తెచ్చాడు. చక్రం, టిప్పు నేను అడగలేదు.

"మన అమ్మాయి ఇంటికేనా?" అన్నాడు. "నేను చేశానన్నయ్యా. అయిపోయింది. రంగు వేయలేదు, నువ్వు చూస్తావని. చూడు ఒకసారి."

గొట్టం బల్ల మీద ఉంది. కంటి కొసకు ఆనింది. అటు తిరగలేదు.

"చూడను."

"నీ ఇష్టం. కింద రాగి పట్టీ పెట్టుకో, వేడి లాగేస్తుంది. వంపు దగ్గర..."

"వంపు గురించి నువ్వా నాకు చెప్పేది?"

వాడు నోరు మూసుకున్నాడు. మూసుకుంటాడని తెలిసే అన్నాను.

ఆ రోజంతా కూర్చుని చేశాను. చక్రం మార్చాను, టిప్పు మార్చాను. రేకు చుట్టి, కింద రాగి పట్టీ పెట్టాను. ముందు దూరం దూరంగా టాకాలు వేశాను. ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన, ఒకటి మధ్యలో. ఒకే చోట వేడి పోగవకుండా అలా దూకుతూ పోవాలి. తీగ మంచిది. దారంలా వచ్చింది. నిలువు అతుకు బాగానే పడింది.

వంపు దగ్గర పడలేదు. నా చెయ్యి గేట్లకు అలవాటైన చెయ్యి. లావు ఇనుము మీద ఆగి నిలబడితేనే అతుకు లోపలికి దిగుతుంది. జీవితమంతా ఆగాను. పల్చటి రేకు మీద ఆగితే అంతే సంగతులు. ఆగొద్దని బుద్ధికి తెలుసు, చెయ్యి వినదు. వంపులో గన్ను తిప్పాల్సిన చోటల్లా అర క్షణం ఆగింది. సున్నం పూశాను, కిరోసిన్ పూశాను. మరకలు లేచాయి. మళ్ళీ కొట్టాను. చిల్లు పూడ్చబోతే అంచు కరిగి చిల్లు పెద్దదైంది. ఆ వంపు కోసేసి ఇంకోటి చేశాను. అదీ అంతే. మూడోదానికి రేకు చాలలేదు.

షెడ్డు అలమరలో లప్పం డబ్బా ఉంది. ఉందని ఎందుకు చెబుతున్నానంటే, దానివైపు చూశాను. ఎంతసేపు చూశానో చెప్పను.

తర్వాత గొట్టం నేల మీద పెట్టి బూటుకాలితో అణగదొక్కాను. ఇంకెవరూ వాడకుండా.

శనివారం నేను పోయేసరికి తమ్ముడు కూతురింటి పెరట్లో గొట్టం దించి నిలబడి ఉన్నాడు. కూతురు పిల్లను ఎత్తుకుని మెట్ల మీద ఉంది. నా చేతుల్లో గొట్టం లేదు. సున్నం డబ్బా, కిరోసిన్ సీసా, రెండు కుంచెలు ఉన్నాయి. అది చూసి కూతురు ఏదైనా అంటుందనుకున్నాను. పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది.

"పరీక్ష చేయాలి" అన్నాను.

"చెయ్యన్నయ్యా" అన్నాడు.

"నిన్నడగలేదు."

రంగు లేని ఒట్టి రేకు. అతుకు మీద వేలు రాసి చూశాను. నూలుదారంతో కుట్టు వేసినట్టుంది, వంపులో ఎక్కడా ఉబ్బు లేదు, పల్లం లేదు. సున్నం పూసి ఎండలో పెట్టాను. ఆరింది. లోపల కిరోసిన్ పూసి కూర్చున్నాను. ముగ్గురం తెల్లటి గీతను చూస్తూ కూర్చున్నాం. మరక రాలేదు. ఇంకోసారి పూశాను. రాలేదు.

రావాలని కోరుకున్నాను. ఆ పసిదాని ఛాతీలో కూతలు వింటూ, మరక రావాలని కోరుకున్నాను.

వాడికి ఇప్పుడు పని వచ్చు. నాకు తెలిసిన ఎవరికన్నా బాగా వచ్చు. నా భార్య మీద నేర్చుకున్నాడు.

గొట్టం నేనే ఎత్తాను. వాణ్ణి నిచ్చెన పట్టుకోమన్నాను. పొయ్యి మూతి దగ్గర బిగించాను, కప్పు దగ్గర బిగించాను, బయట కొసకు గాలి ఎదురు కొట్టకుండా టోపీ పెట్టాను. పొయ్యి వెలిగించాను. కిటికీ రెక్క ఒకటి తీసి, మళ్ళీ పడకుండా తీగతో కట్టేశాను. గొట్టం లోపల గాలి హోరుమని పైకి లాగింది. కాసేపటికి గోడ మీది తడి ఆరడం మొదలైంది. కూతురు పిల్లకు చుట్టిన గుడ్డలు ఒక్కొక్కటే విప్పింది. విప్పిన గుడ్డలు పట్టుకుని, పిల్లను చంకనేసుకుని, పాలు కాచడానికి కింద ఇంటివాళ్ళ వంటింట్లోకి పోయింది.

వాడు నిచ్చెన ఇంకా పట్టుకునే ఉన్నాడు. నేను దిగి చాలాసేపైంది.

"అన్నయ్యా" అన్నాడు. కాస్త నీళ్ళు నమిలాడు. "ఆ రోజు మిషన్‌లో..."

"ఇంకో స్క్రూ బిగించాలి."

"ఒక్కసారి చెప్పనీ. అమ్మాయి కూడా వస్తుంది, దాని ముందే చెబుతాను. నువ్వు ఇన్నేళ్ళూ అన్నది..."

వాడు ఏం చెప్పబోతున్నాడో తెలుసు. తీగ మార్చలేదని, బద్ధకించానని, చిల్లులు చూశానని, లప్పం కూరానని. కూతురి ముందు ఆ మాట వాడి నోట వస్తే నేను పిచ్చివాణ్ణి కానని తేలిపోతుంది. ఇన్నేళ్ళుగా ఊరంతా తిరిగి నేను అడుక్కున్నది ఆ ఒక్క మాటే. మెట్ల మీద దాని అడుగుల చప్పుడు వినపడుతోంది.

వాడి మొహం చూశాను. చెప్పేస్తే ఈ రోజు నిద్రపడుతుందన్న ఆశ ఆ మొహంలో ఉంది. కూతురు బాబాయి చెయ్యి పట్టుకుంటుంది. ఇద్దరూ ఏడుస్తారు. వాడి బరువు దిగుతుంది. నా భార్య మాత్రం లేచి రాదు.

"నోరు విప్పావంటే ఈ గొట్టం పీకి వీధిలో పారేస్తాను" అన్నాను. "పిల్ల చలిలో ఉంటుంది. నువ్వు చెప్పింది నేను వినలేదు. ఎప్పటికీ వినను. నిచ్చెన తీసుకుని పో."

వాడు పళ్ళు బిగబట్టాడు. నిచ్చెన ఎత్తుకుని, గుమ్మంలో కూతురికి దారిచ్చి, కిందికి పోయాడు.

"బాబాయి పాలు తాగకుండా పోతున్నాడేంటి? ఏమన్నావు మళ్ళీ?"

"ఏమీ అనలేదు."

"ఏదో చెబుతున్నాడు. కిందికి వినపడింది. ఏం చెప్పాడు?"

"స్క్రూ గురించి."

అది నమ్మలేదు. నేనేదో పుల్లవిరుపు మాట అన్నాననుకుంది, మొహం తిప్పుకుంది. అనుకోనీ.

అప్పటి నుంచి వాడు రెండుసార్లు మా షెడ్డు దాకా వచ్చాడు. నేను మిషను ఆన్ చేసి మాస్కు దించుకున్నాను. టీకొట్టు దగ్గర కూడా ఇప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే గ్లాసు పెట్టి లేచి వస్తున్నాను. రాయాల్సింది ఇక్కడితో రాసేశాను. వాడడిగినా, కూతురడిగినా, పెద్దయ్యాక ఆ పిల్ల అడిగినా, ఇక ఈ విషయం నేను మాట్లాడను.